ఓడ తాత ఊరు

మా మామ రామచంద్రయ్యకు రెండు నెలలుగా తిండి సహించడం లేదు. పాపం, ఆయన తాతది ఏ ఊరో తెలియలేదట! దాని ముందు నా కొడుకు తలనిండా పొక్కులు లేచి, నిద్రలేక ఏడవడం ఎంత చిన్న సంగతి!

మా ఇంట్లో పుట్టెంట్రుకలు ఇలవేల్పు గుడి దగ్గరే తీయాలి. ఇలవేల్పు ఎవరో తెలియాలంటే పెద్దల ఊరు తెలియాలి. మామ తాతేమో రంగూన్ నుంచి కూలీలు తిరిగొచ్చే ఓడలో, నడి సముద్రంలో పుట్టాడు. అందుకే ఓడ తాత అంటారు. మామకూ, మా ఆయన శ్రవణ్‌కూ మల్దకల్ గుడిలో తీశారు. మామకు మోకాళ్ల నొప్పులు, మా ఆయన పదో తరగతి మూడుసార్లు తప్పడం, అన్నీ వేరే దేవుడికి వెంట్రుకలిచ్చినందుకేనని ఈ మధ్యే కనిపెట్టారు. నన్ను తొమ్మిదిలోనే బడి మాన్పించారు కాబట్టి నాకు ఇంత లోతు అందదు.

పిల్లాడికి పదకొండో నెల. ఆదివారం దాటితే ఇక మూడో ఏడులోనే తీయాలట. అప్పటిదాకా ఆ తల ఎట్లా ఉంటుందోనని నాకు దడ.

శుక్రవారం మామ ఆ ఊరు కనుక్కురమ్మని మా ఇద్దర్నీ, పిల్లాడితో సహా, ఇటిక్యాల పంపాడు. ఓడ తాత తల్లిని చూసిన మనిషి వెంకటమ్మ ఒక్కతే మిగిలింది. తొంభై దాటాయి.

"ఊరా? ఆమె ఎన్నడు చెప్పలె బిడ్డా," అంది ముసలమ్మ. "కూలీల మేస్త్రీ ఏడికి పిలిస్తే ఆడికి పోయేటోళ్లు. వాళ్లకు ఊరేంది?"

"మరి పుట్టెంట్రుకలు యాడ తీసిండ్రవ్వా?" అన్నాడు మా ఆయన.

"ఓడలనే. జొరాలొచ్చినయని పది దినాలు ఎవ్వల్ని దిగనియ్యలేదంట. పోరనికి తల పుండైతే తల్లే గొరిగి సంద్రంల ఏసింది."

మా ఆయన వెంటనే ఫోన్ చేశాడు. మామ గొంతు బయటికి వినిపించింది.

"దొరికిందిరా! సముద్రమే మన ఇలవేల్పు! మచిలీపట్నం పోదాం. అందరం. సంద్రానికి ఆదివారం పట్టింపు లేదు, పైనెల మంచి దినం జూస్త."

"పైనెలా?" అన్నాను. "తల పుండైందని ఆ తల్లి పది దినాలు గూడ ఆగలె. మీరు ముహూర్తం జూస్తుండ్రు."

"గట్ల మాట్లాడకు నవ్యా, పెద్దోళ్లు," అన్నాడు మా ఆయన.

బండిని బీచుపల్లి వైపు తిప్పమన్నాను. కృష్ణ ఒడ్డున గుండు గీసే ఆయన ముందు పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నాయినకు ఏం చెప్పాలె?" అన్నాడు మా ఆయన.

"ఈ నీళ్లు సంద్రంలకే పోతయి. దారిల ఇచ్చినమని చెప్పు."

నాలుగు గీతలకే కత్తి ఆగింది. చెవి వెనక పెద్ద గడ్డ, చీము పట్టి ఉంది. జుట్టు కింద మాకెవరికీ కనిపించలేదు.

"ఏందమ్మా, గింత దాక ఏం జేసిండ్రు?" అన్నాడు గుండు గీసే ఆయన. "జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

ఓడ తాత ఊరు వెతికామని ఎట్లా చెప్పేది?

ఫోన్ మోగింది. మామే.

"బస్సు మాట్లాడిన. మొత్తం ఎంతమందిమిరా?"

మా ఆయన పిల్లాడి తలనే చూస్తున్నాడు.

"ఎవ్వరం రాము నాయినా. ఈడనే తీపిచ్చినం," అని, అవతల ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ జేబులో పెట్టి దవాఖాన వైపు బండి తీశాడు.