తావ్ గారి సాగనంపు

సోంగ్‌షా ఊళ్ళో గొడవలు తక్కువ, గొడుగులెక్కువ. ఒక వీధి బట్ట కత్తిరిస్తుంది, ఒక వీధి పిడులు బిగిస్తుంది, మిగిలిన వీధులన్నీ ఊచలు లెక్కపెడుతుంటాయి. ఏ నేరమూ చెయ్యకుండా ఇంతమంది ఊచలు లెక్కపెట్టే ఊరు చైనా మొత్తంలో ఇంకొకటి ఉండదని తావ్ గెన్‌ఫా గారి నమ్మకం.

ఆ తావ్ గారు ఆ రోజు తన కార్ఖానా మేడమీది గదిలో కూర్చుని, ఎదుటి మనిషి మొహంలో 'సరే' అన్న మాట ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు. ఎదుటి మనిషి పేరు మెకూరియా. ఇథియోపియా నుంచి వచ్చాడు. అడిస్ అబాబా పెద్ద బజారులో గొడుగుల టోకు వ్యాపారి. వాళ్ళ భాషలో పేరుకు ముందు 'అతో' అని చేరుస్తారు, మనం 'గారు' అన్నట్టు. అతో మెకూరియా వచ్చి రెండ్రోజులైంది. ఆ అతో ఇప్పటిదాకా అటో ఇటో తేల్చలేదు.

తావ్ గారికేమో సాయంత్రంలోగా తేలాలి. కింద కుట్టు హాలులో ఫాంగ్ అక్క, ఆమె జట్టు ఆడవాళ్ళు పనిచేస్తారు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచి పక్కపక్కనే కూర్చుని గొడుగు బట్ట కుడుతున్నవాళ్ళు. ఏడాదిగా వాళ్ళ మిషన్ల చప్పుడు తగ్గి కబుర్ల చప్పుడు పెరిగింది. పార్సిళ్ళ కంపెనీ ఒకటి ఆ హాలును గోదాముకు అద్దెకు అడిగింది. జవాబు కోసం ఆ కంపెనీ మేనేజరు ఇవాళ సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు. తావ్ గారేమో కొత్త సంవత్సరం విందులో, బియ్యపు సారా వేడివేడిగా గొంతు దిగుతున్న వేళ, "అక్కా, నేనుండగా హాలు ఎక్కడికీ పోదు" అని ఫాంగ్ అక్కకు మాటిచ్చేశారు. సారా మర్నాటికి దిగింది. మాట మాత్రం దిగలేదు.

"ఇది మీట నొక్కితే దానంతటదే విచ్చుకుంటుంది. ఇది మూడు మడతలు, జేబులో పడుతుంది. ఇదిగో, దీని పిడిలో దీపం ఉంది" అంటూ ఆయన నమూనాలు ఒక్కొక్కటే విప్పుతుంటే కూతురు లీయున్ ఇంగ్లీషులో చెబుతోంది.

మెకూరియా ప్రతిదీ తెరిచాడు, మూశాడు, నవ్వాడు. మూడు మడతల గొడుగు చూసి నాలుగో మడత ఒకటి తగిలించాడు. అదే, మడత పేచీ.

"ఏమంటాడే?"

"చాలా బాగున్నాయట నాన్నా. రేపు మాట్లాడదామంటున్నాడు."

"నిన్న కూడా రేపే అన్నాడుగా!"

"నిన్నటి రేపు ఇవాళయింది. ఇవాళ్టి రేపు ఇంకా అవలేదు. నన్నేం చెయ్యమంటావ్?"

తావ్ గారి గుండె గొడుగులా ముడుచుకుంది. సోంగ్‌షాలో ఏ వ్యాపారీ మొహం మీద కాదనడు. అది అమర్యాద. 'చూద్దాం' అంటాడు. 'చూద్దాం' అంటే చూడం అని, 'ఆలోచిద్దాం' అంటే ఆలోచన అయిపోయిందని ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కన ఈ 'రేపు' వాటికి పెద్దన్నగారే అయ్యుండాలి.

భోజనం దగ్గర ఆ అనుమానం బలపడింది. తావ్ గారి భార్య త్సాయ్‌దీ ఎండు ఆవకూర వేసి ఉడికించిన పంది మాంసం, సారాలో ఊరబెట్టిన పీతలు వడ్డిస్తే అతిథి వెదురు మొలకలు, చిక్కుడు గింజలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

"బుధవారం వాళ్ళకు ఉపవాసమమ్మా. మాంసం ముట్టరు" అంది లీయున్.

"మా పీతలకేం తెలుసే ఇవాళ బుధవారమని?" అని వంటింట్లోకి వెళ్ళి త్సాయ్‌దీ మొగుణ్ణి పిలిచింది. "ఏమయ్యా, నా పీత తినని మనిషి నీ గొడుగు కొంటాడా? రేపు రేపంటూనే ఇవాళ మధ్యాహ్నం రైలుకు ఫుజియాన్ వెళ్తున్నాడట. అక్కడ అద్దాల మేడ గొడుగుల కంపెనీ వాళ్ళు దండ పట్టుకుని కూర్చున్నారట. మర్యాదగా గేటు దాకా పంపించి రా. గేటు దాకానే, విన్నావా? నీ సంగతి నాకు తెలుసు."

ఆమెకే కాదు, ఊరికంతా తెలుసు. తావ్ గారు తన తావులోనే నిలబడి అతిథిని పంపిన పాపాన ఎన్నడూ పోలేదు. వియ్యంకుణ్ణి బస్సెక్కించడానికి వెళ్ళి, మాట మధ్యలో ఆపడం బాగోదని తనూ ఎక్కి, పక్క ఊళ్ళో దిగి, ఆయనింట్లో భోంచేసి వచ్చిన మనిషి. ఆ వియ్యంకుడు ఇప్పటికీ వాళ్ళింటికి రావాలంటే జంకుతాడు.

బయట ముసురు. లోపల భార్య కసురు. తావ్ గారు ముసురునే ఎంచుకున్నారు.

పిడిలో దీపమున్న గొడుగు మెకూరియా చేతిలో పెట్టి, తను మాత్రం తలుపు మూలనున్న నల్ల గొడుగు తీసుకున్నారు. తర్జుమాకు లీయున్ కూడా తన గొడుగు వేసుకుని వెంట నడిచింది. గేటు దగ్గర మెకూరియా ఆగి చెయ్యి చాచాడు. "ఇక మీరు ఆగండి, వానలో ఎందుకు?"

"అబ్బే, సందు చివరిదాకా వస్తాను."

సందు చివర ఊచల కట్టలు మోసుకొస్తున్న లారీ ఒకటి అడ్డంగా తిరిగి ఇరుక్కుంది. దాంతో టాక్సీ కాలువ వంతెన అవతలే ఆగిపోయింది. తావ్ గారికి కావలసింది అదే. "చూశారా, నేను రాకపోతే దారి ఎవరు చూపిస్తారు?" అన్నారు. వంతెన అక్కణ్ణుంచే కనబడుతోంది. గుడ్డివాడైనా కాలువ వాసన పట్టుకుని వెళ్ళగలడు.

వంతెన మీదికి రాగానే గాలి ఒక్క విసురు విసిరింది. దీపం గొడుగు వెల్లకిలా తిరగబడి, వానను ఆపాల్సింది పోయి గిన్నెలా పట్టడం మొదలుపెట్టింది. పిడిలో దీపం మాత్రం దివ్యంగా వెలుగుతోంది. తన కార్ఖానా పరువు అంత వెలుతురులో పోవడం చూడలేక తావ్ గారు అతిథిని చప్పున తన నల్ల గొడుగులోకి లాక్కున్నారు.

టాక్సీ డ్రైవరు షెన్ కిటికీ దించాడు. "తావ్ బాబాయ్, మీరు వస్తున్నారని తెలిసుంటే నేనింట్లో ఇంకో కునుకు తీసి వచ్చేవాణ్ణి!"

పెట్టె ఎక్కింది. మెకూరియా ఎక్కాడు. చేతులు ఊపుకున్నారు. తావ్ గారు వెనక్కి తిరిగారు. ఆయన ఎడమ భుజం నుంచి నడుము దాకా చొక్కా తడిసి వంటికి అంటుకుపోయింది.

టాక్సీ తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"ఏమైందండీ? ఏమైనా మర్చిపోయారా?" అంది లీయున్.

మెకూరియా దిగి గబగబా వచ్చి నల్ల గొడుగు పిడి అందుకున్నాడు. "మర్చిపోబోయాను. నన్ను పంపడానికి వచ్చిన పెద్దాయన వానలో ఒంటరిగా తిరిగి వెళ్తుంటే నేను కారులో కూర్చోవడమా? మా అమ్మకు తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు. మా దగ్గర సాగనంపడానికి వచ్చినవాళ్ళను మళ్ళీ సగం దారైనా సాగనంపుతాం."

తావ్ గారు అది విని మురిసిపోయారు. మురిసిపోతూనే కంగారుపడ్డారు. ఆ సగం దారి మాటల్లోనే గేటు దాకా వచ్చింది. గేటు దగ్గర అతిథిని ఒక్కణ్ణే వదిలేసి లోపలికి వెళ్ళడమా? తావ్ వంశంలో లేదు!

"పదండి, వంతెన దాకా."

"వద్దు, మీరు లోపలికి వెళ్ళండి."

"మీరు వెళ్ళాక వెళ్తాను."

"మీరు వెళ్ళాకే నేను వెళ్తాను."

లీయున్ ఒక్కొక్క వాక్యం తర్జుమా చేసి చేసి, కాసేపటికి "ఆయన అదే అన్నాడు", "ఈయనా అదే అన్నాడు" దగ్గరికి వచ్చేసింది. ముగ్గురూ మళ్ళీ వంతెన దారి పట్టారు.

"నాన్నా, రైలు!"

"రైలు రోజూ వస్తుందే. అతిథి వస్తాడా?"

టాక్సీ దగ్గర షెన్ చక్రం మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "అతిథిని పంపిస్తున్నారా, పెళ్ళికూతురి అప్పగింతలా బాబాయ్? ఏడుపొక్కటే తక్కువ. కావాలంటే నేనేడుస్తా, నా బేరాలన్నీ పోయాయి!"

తావ్ గారు వెనక్కి తిరిగారో లేదో, మెకూరియా మళ్ళీ పక్కనే ఉన్నాడు. ఈసారి గొడుగు ఎవరు పట్టాలన్న దగ్గర వచ్చింది తగవు. గొడుగుకు ఉన్నది ఒక్కటే పిడి. పట్టుకున్న ఇద్దరిదీ పిడివాదం. తావ్ గారు అతిథి వైపు వంచుతారు, అతిథి తావ్ గారి వైపు వంచుతాడు. మధ్యలో గొడుగు తల ఊపే తాతలా అటూ ఇటూ ఊగుతోంది.

వంతెన నడిమధ్యన మెకూరియా ఆగిపోయాడు. తలెత్తి గొడుగు లోపలి వైపు చూశాడు. మందపాటి బట్ట. చేతివేలంత ఊచలు. ఊచ ఊచకూ రెండేసి వరసల కుట్టు. ఇందాకటి గాలి ఇంకా అలాగే కొడుతోంది. ఇది కిక్కురుమనలేదు.

"ఇదెక్కడ కొన్నారు?"

లీయున్ చెప్పగానే తావ్ గారు తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డారు. "కొనడమా? మా ఫాంగ్ అక్కవాళ్ళు కుట్టిందే. ఇంట్లోకి. ఎవరైనా వస్తే సాగనంపడానికి. ఇద్దరు పట్టాలిగా!"

"మరి నాకెందుకు చూపించలేదు?"

"ఇదా?" తావ్ గారు నిజంగానే సిగ్గుపడ్డారు. "మోటుది. బరువు. దీపం లేదు, మడత లేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు చూపిస్తే పరువేం కాను? ఇది అమ్మేది కాదండీ. వాడేది."

మెకూరియా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. గొడుగు కూడా అతనితో పాటు నవ్వుతున్నట్టు నీళ్ళు రాల్చింది.

"తావ్ గారూ, రెండ్రోజులుగా నేను 'రేపు' అంటున్నది ఎందుకనుకున్నారు? ఇంకేదో లోపల ఉండే ఉంటుంది, రేపైనా తీస్తారని! ఇవాళ్టి రేపు మాత్రం మర్యాదకు అన్నదే. జేబులో పట్టే గొడుగులు నాకు ప్రపంచంలో అందరూ చూపించారు. మా ఊళ్ళో వానలు మొదలైతే నెలల తరబడి కురుస్తాయి. గుడికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఎవరూ ఒంటరిగా నడవరు. ఇద్దరు నడుస్తారు. వచ్చేవన్నీ ఒంటిమనిషి గొడుగులు. మా దేశంలో సగం మందికి ఎప్పుడూ ఒక భుజం తడే." తన కుడి భుజం పిండి చూపించాడు. "ఇదిగో, నాది. అదిగో, మీది. దీన్ని ఇంకో జానెడు వెడల్పు చేస్తే ఎవరిదీ తడవదు."

తావ్ గారు తన తడి భుజం తడుముకున్నారు. కూతురు వైపు చూశారు. "ఇప్పుడు నేనేమనాలే?"

"ఏదో ఒకటి అను నాన్నా. 'చూద్దాం' అని మాత్రం అనకు."

"జానెడు కాదు, జానాబెత్తెడు చేస్తాం!" అన్నారు తావ్ గారు వంతెన అదిరేలా. వెంటనే గొంతు తగ్గింది. "కానీ... ఈ వెడల్పుకు పెద్ద మిషన్లు పనికిరావు. చేత్తో తిప్పుతూ కుట్టాలి. ఆడవాళ్ళంతా కూర్చోవాలి. నెమ్మదిగా అవుతుంది."

"నెమ్మదిగానే కానివ్వండి. మేం వానలకు అలవాటుపడ్డవాళ్ళం, తొందరకు కాదు."

"అయితే కాగితాలు... రేపా?" భయం భయంగా అడిగారు తావ్ గారు.

"అమ్మో, రేపు వద్దు! ఇవాళే. లేకపోతే మీరు నన్ను ఇంకోసారి సాగనంపుతారు."

ఎక్కడో దూరంగా రైలు వెళ్ళిన మోత వినిపించింది. లీయున్ చేతిలోని ఫోన్ చూసి "అదే" అంది. ఎవరూ బాధపడలేదు. కావాలనే రైలు తప్పించాడని అద్దాల మేడవాళ్ళు ఆ తర్వాత ఎన్నాళ్ళో తావ్ గారిని ఆడిపోసుకున్నారు. పాపం, ఆయనకు అంత తెలివే ఉంటే నల్ల గొడుగు మొదటి రోజే చూపించేవారు.

గేటు దగ్గర త్సాయ్‌దీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "గేటు దాకా అన్నాను. అయితే నువ్వూ వాళ్ళతో వెళ్ళిపోతావు, లేకపోతే వాళ్ళనే మళ్ళీ తీసుకొస్తావు. ఇదేం సాగనంపయ్యా?"

"నూడుల్స్ పెట్టు. మాంసం వద్దు."

"తెలుసులే. బుధవారం" అని ఆమె మెకూరియా భుజం చూసి, మొగుడి భుజం చూసి, తువ్వాలు తెచ్చి ముందు అతిథికే ఇచ్చింది. "నా పీతలు రేపటిదాకా ఊరతాయి. రేపు గురువారమేగా? అప్పుడు తప్పించుకోమను చూద్దాం."

కింద హాలులో ఫాంగ్ అక్క నల్ల గొడుగు విప్పి ఒళ్ళో పరుచుకుంది. మెకూరియా ఆమె పక్కన పీట మీద కూర్చుని ఎంత వెడల్పు కావాలో చేతులతో చూపిస్తున్నాడు. ఆమె కళ్ళద్దాల పైనుంచి చూసింది. "అంతా? దాని కింద సంసారం పెట్టుకుంటాడా ఏమిటి?" లీయున్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పనంటే చెప్పననేసింది. అయినా హాలంతా నవ్వుతుంటే మెకూరియాకు తర్జుమా అక్కర్లేకపోయింది. అతనూ నవ్వాడు.

అప్పుడు మోగింది తావ్ గారి ఫోన్. పార్సిళ్ళ కంపెనీ మేనేజరు.

"తావ్ గారూ, హాలు సంగతి ఏం చేశారు? రేపటినుంచి సామాను దింపుకోవచ్చా?"

తావ్ గారు తడి చొక్కా మార్చుకోనేలేదు. హాలు గుమ్మంలో నిలబడి ఒకసారి లోపలికి చూశారు. మిషన్లు మళ్ళీ చప్పుడు మొదలుపెట్టాయి. ఆయన గొంతులో తేనె పోసుకున్నారు.

"మంచి విషయం అడిగారు. తప్పకుండా... ఆలోచిద్దాం."

అవతల మేనేజరు కూడా ఆ ఊరివాడే. ఇంకొక్క ప్రశ్న అడగకుండా, "అలాగేనండీ, ఆరోగ్యం జాగ్రత్త" అని ఫోన్ పెట్టేశాడు.