పెద్దసారు దిగని డిస్కు

నా గొంతు ఆ డిస్కుల్లో ఉంది. ఎద్దును చంకన పెట్టుకుని ఏరు దాటిన మా తాత, గుమ్మడికాయలో కాపురం పెట్టిన కొత్త జంట, ఇలాంటి పచ్చి నిజాలన్నీ నా చేత చెప్పించి రికార్డు చేసింది మా మేనకోడలు. నాలాంటి కోతలరాయుళ్ళవి ఇంకా చాలా ఉన్నాయి. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. నావి పోతే మళ్ళీ కోస్తాను. పోయినవాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కదా!

అందుకే, డిస్కులను పిండి చేసే బండి మేనకోడలు పనిచేసే ఆఫీసు వాకిట్లోకి వచ్చిందని వినగానే, ఏ చెప్పు ఏ కాలిదో చూసుకోకుండా పరిగెత్తాను.

వెళ్ళేసరికి మేనకోడలు డిస్కుల పెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా వాళ్ళ ఆఫీసు పెద్దసారు. ఆయన వెనకాల గోనెసంచితో తుక్కుబండి మనిషి.

“లేమ్మా, వీటికి బూజు పట్టింది” అంటున్నాడు పెద్దసారు. “ఒకే డిస్కుకి పొద్దున ఒక జాబితా, మధ్యాహ్నం ఇంకో జాబితా. తెరవబోతే సగం ఫైళ్ళు తెరుచుకోవు.”

“జాబితా తప్పు చెబితే డిస్కును ఉరి తీస్తారా సార్?” అని, నన్ను చూసింది. “మావయ్యా, నువ్వు చెప్పు. అబద్ధాల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?”

“అబద్ధానికీ నిలకడ ఉంటుందమ్మలూ. మా తాత మోసింది ఎద్దునంటే, ఏ పూట అడిగినా ఎద్దే. పొద్దున ఎద్దు, మధ్యాహ్నం మేక అయిందంటే చెప్పేవాడు ఒక్కడు కాదు, ఇద్దరు.”

“ఇద్దరా!” అంటూ ఆమె చటుక్కున లేచి నన్ను పెట్టె మీద కూలేసింది. “కదిలావో, నీకూ నాకూ మాటల్లేవు.”

డిస్కులు చదివే యంత్రం దగ్గరికి వెళ్ళింది. దాని తెర మీద డప్పులవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మీట నొక్కితే డిస్కు ట్రే మాత్రం తెరుచుకోలేదు. ఆ గదిలో అది మామూలే. ట్రే మొండికేస్తే పక్కనున్న సన్నని కన్నంలో తలపిన్ను గుచ్చి బయటికి లాగుతారు. కొత్తగా చేరినవాళ్ళకి కుర్చీ కంటే ముందు పిన్ను చూపిస్తారు. ఎందుకు మొండికేస్తుందని ఎవరూ అడగరు. ఆమె కూడా పిన్ను గుచ్చింది. బయటికొచ్చినది జోలపాటల డిస్కు.

“డప్పుల డిస్కు ఏది సార్?”

“పొద్దున నేనే తీసి ఇది పెట్టాను. అదే పిన్నుతో.”

ఆమె నుదురు కొట్టుకుంది. “యంత్రం మొండిది కాదు సార్, మనమే మొద్దులం. డిస్కును మౌంట్ చేశాక, అంటే దానికి అప్పగించాక, వదిలెయ్యమని మనం చెప్పేదాకా అది ట్రే తెరవదు. మనం దొడ్డిదారిన లాగేసి ఇంకోటి తోస్తున్నాం. దానికి ఆ సంగతే తెలీదు. పాత డిస్కు పేర్లే చదువుతోంది. లోపల ఉన్నది కొత్త సరుకు.”

“పెళ్ళికొడుకును మార్చేసి పాత శుభలేఖే పంచుతున్నారన్నమాట” అన్నాను.

“అయితే వదిలెయ్యమని చెప్పు” అన్నాడు పెద్దసారు.

ట్రేను లోపలికి తోసి చెప్పింది. వదలనంది యంత్రం. డిస్కు డైరెక్టరీలో, అంటే ఆ ఫైళ్ళుండే చోట, ఎవరో ఉన్నారట. ఎవరని అడిగి, తెర చూసి, నెమ్మదిగా తల తిప్పింది.

“మీరే సార్.”

“నేనిక్కడ నిలబడి ఉంటే!”

“మీ గదిలో, ఈ యంత్రానికే తగిలించిన మీ తెర మీద. పొద్దున రాగానే డిస్కులోకి వెళ్ళి ఓసారి చూసి, విండో అలాగే వదిలేస్తారు. మీరు దిగేదాకా అది డిస్కును వదలదు.”

“తప్పు నాదంటావా?”

“పిన్ను అందరం గుచ్చాం, నేనూ గుచ్చాను. లోపల కూర్చున్నది మాత్రం మీరు.”

పెద్దసారు ముఖం ఉడికిన బీట్‌రూట్ అయింది. “ఎప్పుడు లేవాలో నువ్వా నాకు చెప్పేది? ఎత్తవయ్యా ఆ పెట్టె!”

తుక్కుబండి మనిషి నా దగ్గరికొచ్చాడు. “తాతా, జరుగు.”

“నన్ను కూడా సంచిలో వెయ్యి నాయనా. తూకానికి కలిసొస్తాను.”

అతను నవ్వి సంచి కింద పడేశాడు. ఈలోగా మేనకోడలు అడక్కుండానే పెద్దసారు గదిలోకి వెళ్ళి వచ్చింది. “మిమ్మల్ని దింపేశాను సార్” అని, వదిలెయ్యమని మళ్ళీ చెప్పింది. ఈసారి ట్రే దానంతటదే, అడిగితే చాలన్నట్టు, బయటికొచ్చింది.

నా పిర్ర కింది పెట్టెలోంచి ఒక డిస్కు లాగి పెట్టి మౌంట్ చేసింది. జాబితా వచ్చింది. మళ్ళీ అడిగింది. అదే జాబితా. మొదటి పేరు తెరిచింది. ఎప్పుడో పోయిన పడవవాడు గొంతు సవరించుకున్నాడు. “ఏదీ, మొదలెట్టమంటారా? ఆ చేప పడవంత ఉందనుకోండి. అబ్బే, పడవే దాని పిల్లంత ఉంది...”

“అయినా, పాడైన డిస్కులను పగలగొట్టమన్న ఉత్తర్వు ఉత్తర్వే” అన్నాడు పెద్దసారు. గొంతులో మునుపటి బిగి లేదు.

“అయితే, పలికే డిస్కులను పగలగొట్టమని మీ చేత్తో రాయండి సార్. రాసినా నేనివ్వను, అది వేరే సంగతి.”

పెద్దసారు కలం తీశాడు. మూత కూడా తీశాడు. కథలో పడవవాడు చేప నోట్లోకి తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. కలం కాగితం మీద ఆనలేదు.

“ఆ చేప తర్వాత ఏమైంది?” అన్నాడు తుక్కుబండి మనిషి, నేల మీద చతికిలబడి.

“మధ్యలో మాట్లాడకు” అన్నాడు పెద్దసారు.

మేనకోడలు ఆయన వంక చూడనైనా లేదు. తర్వాతి డిస్కు కోసం నా వైపు చెయ్యి చాపింది.