ఇద్దరు సలమోన్లు

నాలుగింటికి ప్రార్థనా మందిరంలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు; ఎవరి పేరు చదివితే వాళ్ళ పిల్లలు లేచి నిలబడతారు. ఆలోగా సలమోన్ సొరియానోకి తన తల్లి పేరు తెలియాలి. ఎనభై నాలుగేళ్ళు వచ్చినా ఆయనకి అది తెలియదు.

అప్పటికి మూడైంది.

రోడ్స్ దీవిలో మా యూదుల పేట మ్యూజియం తాళాలు నా దగ్గరే ఉంటాయి. కూతురు విక్టోరియాతో వచ్చిన ఆయనకి, కొత్తగా అందిన ఫోటో చూపించాను. కుర్చీలో ఆయన తాత, ఆ తాత పేరూ సలమోనే. ఒళ్ళో ఇద్దరు పసివాళ్ళు. ఒక పక్క తాతగారి కోడలు రెజీనా, ఇంకో పక్క కూతురు లూనా. వెనకవైపు "తాత, ఇద్దరు సలమోన్లు" అని రాసి ఉంది.

మా పేట యూదుల్లో తాత బతికుండగానే మనవడికి ఆయన పేరు పెడతారు. రెజీనా పెట్టింది, లూనా కూడా పెట్టింది. జర్మన్లు పేటలోవాళ్ళందర్నీ పట్టుకుపోయిన ఏడాది, ఒక పడవవాడు మూడేళ్ళ పిల్లాణ్ణి ఎదుటి ఒడ్డుకి దాటించాడు. సొరియానోగారి మనవడు సలమోన్ అని తప్ప ఆ పడవవాడికి ఇంకేమీ తెలియదు. రెండో సలమోన్ తిరిగి రాలేదు.

"మీకు అన్న ఉండేవాడా?" అడిగాను.

"ఉండేవాడు. భుజాల మీద ఎక్కించుకుని రేవుకి తీసుకెళ్ళేవాడు. నీళ్ళలో పడేస్తానని బెదిరించేవాడు, దొంగవెధవ."

మా లెక్కలో తొలి కొడుక్కి తండ్రి వైపు తాత పేరు, రెండోవాడికి తల్లి వైపు తాత పేరు. అన్న ఉన్నాడంటే ఈయన లూనా రెండో కొడుకే. అదే చెప్పాను.

లూనా భర్త ఇంటిపేరు వేరు కదా, అయితే ఇన్నాళ్ళూ రాసుకున్న ఇంటిపేరు కూడా మాది కాదా అంది విక్టోరియా. ఆయన వినలేదు. మందిరంలో చదవడానికి ఇచ్చే చీటీ మీద లూనా అని రాయబోయాడు. విక్టోరియా ఆయన చెయ్యి పట్టుకుంది.

"మూడేళ్ళవాడికి సొంత అన్నెవరో, అత్త కొడుకెవరో ఎలా తెలుస్తుంది నాన్నా?"

నాలుగింటికి ఇంకా పది నిమిషాలే ఉంది.

"రెండు పేర్లూ రాయమ్మా," అన్నాడు చివరికి నాతో.

"వాళ్ళలో ఒకామె మీ అమ్మ కాదు," అంది విక్టోరియా.

"కాకపోతే ఆమెకీ సలమోనే కొడుకు. వాడు రాలేడుగా."

మందిరంలో రెజీనా పేరుకి లేచాడు. లూనా పేరు వినగానే మళ్ళీ లేవబోయి, అప్పటికే నిలబడి ఉన్నానని తెలిసి తికమకపడ్డాడు.

వెళ్ళేముందు మళ్ళీ ఫోటో దగ్గరికి వచ్చాడు. ఇంతకీ ఇందులో నేనెవర్ని అని అడిగాడు. నేను ఎడమవైపు వాణ్ణి చూపించాను. విక్టోరియా కుడివైపు వాణ్ణి చూపించింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ వంగాడు.