సగం గడ్డం

నేను ఒక గ్రీకు నాటకకర్త తలను. పాలరాతి తలను. ఆయన పేరు ఫిలోమెనెస్. ఆయన పోయిన నాలుగు వందల ఏళ్లకు రోము నగరంలో నన్ను చెక్కారు. చెక్కినవాడు ఆయన్ని చూసి ఎరగడు, మరో బొమ్మను చూసి చెక్కాడు. కాబట్టి పోలికల గురించి నన్ను అడక్కండి. గడ్డం మాత్రం దట్టంగా, దర్జాగా కుదిరింది.

నన్ను చెక్కించినాయన వరేనస్ అనే ధనవంతుడు. పుస్తకాల గదిలో పెట్టి, మెడ కింద పేరు కూడా రాయించాడు. చూపు మందగించాక, చదివి వినిపించడానికి జోసిమస్ అనే గ్రీకు బానిసను కొనుక్కున్నాడు. జోసిమస్ ముప్పై ఏళ్లు రోజూ నా ఎదురుగా నిలబడి ఫిలోమెనెస్ నాటకాలు చదివాడు. డబ్బున్నవాళ్లను ఉతికి ఆరేసే నాటకాలవి. వరేనస్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఆ తిట్లు తనకూ తగులుతాయని ఒక్కనాడూ తోచలేదు పాపం.

ఆయన పోయాడు. కొడుకు క్రిస్పస్‌కు గ్రీకు రాదు, పుస్తకాలంటే గిట్టదు. నాటకాలు రాసిన కాగితపు చుట్టలన్నీ చేపల కొట్టుకు పంపేశాడు, పొట్లాలు కట్టుకోమని. తండ్రి పోయిన తొమ్మిదో రోజు విందుకు ఊరి పెద్దలంతా వస్తారు, అప్పటికి ఆ గదిలో తన విగ్రహం ఉండాలన్నాడు. కొత్త రాయి తెప్పించే వ్యవధి లేదు. రోములో అందుకొక తేలిక దారి ఉంది. ఉన్న ముఖం చెరిపేసి, అదే రాతిలో కొత్త ముఖం చెక్కేస్తారు. గడ్డం తలైతే మరీ మంచిది, చెక్కడానికి బోలెడు రాయి ఉంటుంది.

"ఆ గడ్డం తీసేస్తే నేనే వస్తాను" అన్నాడు క్రిస్పస్. నాకు ఒళ్లు మండిపోయింది. రాతికీ ఒళ్లు మండుతుంది, నమ్మండి.

నన్ను బండిలో శిల్పి దగ్గరికి చేర్చే పని జోసిమస్ మీదే పడింది. శిల్పి యూటికస్ కూడా గ్రీకువాడే. ముందు నా పేరు గీకేశాడు. తర్వాత ఎడమ చెంప మీద ఉలి పెట్టాడు. గడ్డం ముక్కలు ముక్కలుగా రాలుతుంటే జోసిమస్ తట్టుకోలేకపోయాడు.

"ఈయనెవరో తెలుసా నాయనా?"

"తెలిసి నేనేం చెయ్యను తాతా? తొమ్మిదోరోజుకి ఇవ్వకపోతే నా చేతులు విరగ్గొట్టిస్తాడు."

"నీ పని నువ్వు కానీ. నేను చెప్తుంటా, ఊరికే విను."

చేతిలో చుట్ట లేదు, అంతా నోటికి వచ్చు. యజమాని చచ్చాడనుకుని వంటవాడు ఆయన బట్టలు తొడుక్కుని అతిథుల మీద పెత్తనం చేసే నాటకం అందుకున్నాడు. యూటికస్ మొదట ముసిముసిగా నవ్వాడు. తర్వాత ఉలి కిందపెట్టి నవ్వాడు. ఆఖరికి కళ్లు తుడుచుకుని, "ఇంకొకటి చెప్పు" అన్నాడు. పొద్దు వాలేదాకా అదే తంతు.

"ఈ చుట్టలు ఎక్కడ దొరుకుతాయి తాతా?"

"ఎక్కడా దొరకవు. చేపల పొట్లాలైపోయాయి. ఇక మిగిలింది నా నోరు, ఈ ముఖం. నాకు డెబ్భై దాటాయి."

యూటికస్ మళ్లీ ఉలి పట్టలేదు. దీపం మసిలో నూనె కలిపి, సన్నటి కుంచెతో నా చెవి నుంచి దవడ దాకా ఒక గీత గీశాడు. అచ్చం పగులులాగే ఉంది.

మర్నాడు క్రిస్పస్ వచ్చాడు.

"ఇంకొక్క దెబ్బ పడితే నిలువునా చీలుతుంది అయ్యగారూ" అన్నాడు యూటికస్. "సగం మీ ముఖం వచ్చేసింది కూడా. నాన్నగారి దినాల్లో మీ ముఖం రెండు చెక్కలైతే బాగుండదేమో. కొట్టమంటే కొడతా."

క్రిస్పస్ వేలు చాచాడు. తాకితే మసి అంటుతుంది, యూటికస్, జోసిమస్ ఇద్దరి ప్రాణాలూ పోతాయి. వేలు నా చెంపకు జానెడు దూరంలో ఆగిపోయింది. అపశకునమంటే క్రిస్పస్‌కు హడల్. "నా కంటపడకుండా పాతెయ్యండి" అని వెళ్లిపోయాడు.

జోసిమస్ తోట వెనక గొయ్యి తవ్వాడు. ఉమ్మితో గుడ్డ తడిపి మసిగీత తుడిచాడు. ముఖం మీద పెంకు కప్పి, మన్ను పోస్తూ ఒక అంకం మొత్తం చెప్పాడు, ఒక్క మాట పొల్లుపోకుండా.

ఎన్నో వందల ఏళ్లకు మురుగుకాలవ తవ్వుతూ నన్ను పైకి తీశారు. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. నా కింద పలక మీద ఏం రాశారో తెలుసా? 'పేరు తెలియని రోమన్ ప్రముఖుడు. అసంపూర్తి శిల్పం.' రోమన్ అట! శిల్పికి పని చాతకాక మధ్యలో వదిలేశాడని ఒక ఆచార్యుడు ఏటా శిష్యుల్ని నిలబెట్టి పాఠం చెప్తాడు. ఎడమ చెంప ముందే నిలబడి చెప్తాడు. కుడివైపుకు రావయ్యా మహానుభావా, గడ్డం అక్కడుంది!

పక్క గదిలో ఆయనే ఇంకో పలక రాయించాడు. ఫిలోమెనెస్ అని గొప్ప హాస్య నాటకకర్త ఉండేవాడట, ఒక్క వాక్యమైనా మిగలకపోవడం మానవజాతికి తీరని లోటట.

ముప్పై ఏళ్లు విన్నాను. ప్రతి నాటకమూ నాకు కంఠతా వచ్చు. వంటవాడి మాటలతో సహా.

చెప్పను. ముందు నా పేరు రాయండి.