జాయిస్ చెప్పిన సాక్ష్యం

జాయిస్ ప్రాణాలతో బయటపడినందుకు నందిగామలో వాళ్ళింట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. ఆ కూడికకొచ్చేవాళ్ళ బిర్యానీకి ఉల్లిపాయలు కోస్తున్నది కూడా జాయిసే. కనుబొమ మీద కుట్లు ఈమధ్యే విప్పారు. "దేవుడు నిన్ను కాపాడాడు, ఆయన పేరు మీద నీ చేత్తోనే వండాలమ్మా," అంది అత్త పున్నమ్మ, వెల్లుల్లిపాయలు కూడా ముందుకు తోస్తూ. దేవుడి సంగతేమో గానీ, జగ్గయ్యపేట నుంచి దిగబోయే ఆడపడుచులు మాత్రం శుభ్రంగా తిని పోతారు.

గరికపాడు దాటాక ఉన్న ఫ్లయింగ్ స్కూల్లో జాయిస్ విమానం నడపడం నేర్పుతుంది. ప్రమాదం జరిగిన రోజు పక్క సీట్లో లహరి అనే స్టూడెంటు ఉంది. దిగబోతుంటే ముందు చక్రం బయటికి రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. జాయిస్ ఇంధనం తగ్గేదాకా గాల్లోనే తిరిగి, వెనక చక్రాల మీద వాలి, ఇంజను ఆపేసి, ముక్కుని చేతనైనంతసేపు పైకే పట్టి ఉంచింది. చివరికి ముక్కు నేలకి ఆని, విమానం రాసుకుంటూ పోయి పక్కనున్న పత్తిచేలో ఆగింది. లహరికి గీత కూడా పడలేదు. తనిఖీకొచ్చినవాళ్ళు చక్రాన్ని కిందికి దించే కడ్డీ విరిగిందనీ, జాయిస్ తప్పేమీ లేదనీ తేల్చి వెళ్ళారు.

తేల్చి ఏం లాభం? చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ, "ఆడదాని చేతికి విమానమిస్తే ఇంతే మరి," అని కాఫీ తాగి వెళ్ళారు. ఆ కాఫీ కూడా తనే పెట్టింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది పున్నమ్మ. పోయినేడు ముక్త్యాల రోడ్డు మీద బండి బ్రేకు ఫెయిలై జాయిస్ మొగుడు రత్నబాబు ఓ లారీ కిందికి పోబోయాడు. అప్పుడు అందరూ బ్రేకునే తిట్టారు. మగాడికి బండెందుకని ఒక్కరన్నా అన్లేదు. ఇప్పుడు అదే రత్నబాబు, సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాగానే మొగుడి హోదాలో, "బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు. దేవుడు చేసిన మేలు గురించి కూడికలో సాక్ష్యం చెప్తావుగా, మళ్ళీ విమానం ఎక్కనని అప్పుడే అందరి ముందూ చెప్పెయ్. దేవుడి ముందు మాటిస్తే ఇక తిరుగుండదు," అన్నాడు. ఆ బలుసాకు కోసుకొచ్చి, కడిగి, వండేదెవరో మాత్రం చెప్పలేదు. జాయిస్ మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు కదా, అతను ఏకంగా పూర్తి అంగీకారం కిందే లెక్కేసుకున్నాడు. ఆమెకేమో ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్న పనిని వదులుకుంటానని తన నోటితోనే చెప్పించాలని చూస్తున్నారు!

సాయంత్రం చాపల మీద అందరూ సర్దుకున్నాక పాస్టరు శాంతయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. "పడిపోయిన విమానంలోనుంచి నీ కుమార్తెను తప్పించిన దేవా..." ప్రార్థన అయ్యాక మైకు జాయిస్ చేతికిచ్చారు. "సాక్ష్యం చెప్పమ్మా."

జాయిస్ లేచి నిలబడింది.

"దేవుడికి స్తోత్రం. విమానం పడిపోలేదండీ అయ్యగారూ. నేను దింపా. చక్రం రాకపోయినా దింపా. భయమేసింది, అబద్ధం చెప్పను. కానీ ఆయన నాకిచ్చిన చేతులు వణకలేదు. దానికే స్తోత్రం చెప్తున్నా."

పున్నమ్మ పమిట సర్దుకుంది. రత్నబాబు ముందుకి వంగి, "మనం అనుకుంది ఇది కాదుగా," అన్నాడు గుసగుసగా.

"మీరనుకున్నారండీ. నన్నడగలేదు," అంది జాయిస్. మైకు ఆపలేదు కాబట్టి ఆ మాట వీధిలోకీ వినిపించింది. వెనక వరసలో ఆడవాళ్ళెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

సాక్ష్యం చివర ప్రార్థన విన్నపం చెప్పుకోవడం ఆనవాయితీ. ఎవరు ఏది అడిగినా కూడికంతా కలిసి ప్రార్థన చెయ్యాల్సిందే, కాదనడానికి లేదు. శాంతయ్యగారు అలవాటుగా, "నీ విన్నపమేంటమ్మా?" అని అడిగేశారు.

"సోమవారం మళ్ళీ ఎక్కుతున్నానండీ. నా మనసు మారాలని మాత్రం ఎవరూ ప్రార్థన చెయ్యకండి. చక్రం దిగాలని చెయ్యండి."