కాలికందని ఊయల

సోమవారం కాబట్టి మెక్సికోలోని తిసిమీన్ ఊళ్లో అన్ని ఇళ్లలోలాగే నీదియా పొయ్యి మీద కూడా నల్ల చిక్కుడుగింజలూ పంది మాంసమూ ఉడుకుతున్నాయి. వాటికన్న ముందే ఆమె ఉడికిపోయింది. పెరట్లో ఆమె భర్త ఫెర్మిన్ తోటి డ్రైవరు విల్బెర్త్‌ను కూర్చోబెట్టుకుని బస్సు కంపెనీని దుమ్మెత్తిపోస్తున్నాడు.

కంపెనీ డ్రైవర్లందరి చేతులకూ నిద్రను కొలిచే బ్యాండ్లు తొడిగింది. సరిగా నిద్రపోయినవాడికి ఫోనులో పచ్చ గీత వస్తుంది, పోనివాడికి ఎర్ర గీత. ఎర్ర గీతలు ఆగకపోతే మెరిదా నగరానికి వెళ్లే బస్సు తీసేసుకుని బస్సులు కడిగే పనిలో వేస్తారు. ఫెర్మిన్‌కు మొదటి నుంచీ అన్నీ ఎరుపే. దానికి తోడు రాజధాని నుంచి వచ్చిన ఇంజినీరు రెబొయార్ డిపో గోడకు ఒక కాగితం అంటించాడు. చీకటి పడ్డాక కాఫీ వద్దు, పక్కలో ఫోను వద్దు, కడుపు నిండా తిని వెంటనే పడుకోవద్దు, ఊయల మాని మంచం మీద పడుకోవాలి. మొదటి మూడింటినీ ఎవరూ పట్టించుకోలేదు. చివరిది చదివి డిపో అంతా భగ్గుమంది. ఆ ఊళ్లో పెద్దా చిన్నా అంతా పడుకునేది కొక్కేలకు కట్టిన దారాల ఊయల్లోనే.

"మంచమట!" అన్నాడు ఫెర్మిన్. "మా అమ్మ నన్ను ఊయల్లో కన్నది. నేను ఊయల్లోనే పోతాను."

"ఆ రెండోది తొందర్లోనే జరిగేట్టుంది," అంది నీదియా కిటికీలోంచి.

విల్బెర్త్ పగలబడి నవ్వాడు. ఫెర్మిన్ నవ్వలేదు. "ఊయలన్నాక ఊగుతుంది. ఊగితే ఆ పిచ్చి బ్యాండు నేను మేలుకున్నాననుకుంటుంది. ఇంత చిన్న సంగతి ఆ చదువుకున్న గాడిదకి తెలీదు."

వాదన వినడానికి బాగుంది. దానితో వచ్చిన చిక్కే అది. ఊయల ఊగే మాట నిజమే. అది ఎందుకు ఊగుతోందని మాత్రం ఎవరూ అడగలేదు.

నీదియాకు తెలుసు. ఆమె ఊయల అతని ఊయల పక్కనే వేలాడుతుంది. అతని గురక ఇంటికప్పు లేపుతుంది. అది ఆమెకు లెక్కలేదు. గురక తెగిపోయినప్పుడే భయం. దానితోపాటు ఊపిరీ ఆగిపోతుంది. అప్పుడామె కాలు చాపి అతని ఊయల అంచును తన్నుతుంది. అతను నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారిగా గాలి పీల్చుకుని, కళ్లు తెరవకుండానే మళ్లీ గురక అందుకుంటాడు. కాసేపటికి మళ్లీ అదే. ఏళ్లుగా అదే. చెప్పి చూసింది. "కలగన్నావులే" అన్నాడు. మరోసారి చెబితే, తన వయసును ఎత్తిపొడుస్తోందని అలిగాడు. ఇప్పుడు కంచం ముందు కూర్చునే కునుకుతున్నాడు. మొన్న మెరిదా దారిలో బస్సు చక్రం రోడ్డు దిగింది. కుక్క అడ్డొచ్చిందన్నాడు. ముందు సీట్లో ఉన్న విల్బెర్త్ చెల్లెలికి ఏ కుక్కా కనబడలేదు.

"ఒక పని చేద్దాం," అంటున్నాడు ఫెర్మిన్. "ఈ బ్యాండు మా ఆవిడకి తొడుగుతా. రాయిలా నిద్రపోయే మనిషి. తనకీ ఎర్ర గీతే వచ్చిందంటే ఆ యంత్రం అబద్ధాలకోరని తేలిపోయినట్టే. ఏం ముసల్దానా?"

రాయిలా! నీదియా పిడికిట్లో గరిట బిగుసుకుంది. తర్వాత తడి చెయ్యి తుడుచుకుని కిటికీలోంచి బయటికి చాపింది. "తొడుగు." యంత్రానికి మొగుడు లేడు, ఎవరి మనసూ నొప్పించకూడదన్న బెంగ లేదు. అది చెబితేనైనా వింటాడేమో.

వారం తిరిగాక డిపో ఆవరణలో సమావేశం జరిగింది. డ్రైవర్లు భార్యలతో సహా వచ్చారు. ఫెర్మిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు మెట్టెక్కి ఫోను పైకెత్తాడు.

"చూడండి! ఇది నా పెళ్లాం నిద్ర. ఎరుపు, ఎరుపు, మళ్లీ ఎరుపు! జన్మలో ఒక్క రాత్రి మేలుకుని ఎరగదు!"

చప్పట్లు మోగాయి. "మంచాలు మీ రాజధానికే మోసుకుపో, ఇంజినీరూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

రెబొయార్ ఫోను అందుకుని వేలితో జరిపి చూశాడు. "దోన్ ఫెర్మిన్, బుధవారం మాత్రం పచ్చగా ఉందండీ. మొత్తం పచ్చే. ఆ రాత్రి ఊయల ఊగలేదా?"

"ఊగకేం?" ఫెర్మిన్ తడబడి భార్య వైపు చూశాడు. "చెప్పవే."

నీదియా లేచింది. "బుధవారం నువ్వు మెరిదాలో పడుకున్నావు. అదే ఊయల, అవే కొక్కేలు, అదే ఫ్యాను. లేనిది నువ్వొక్కడివే."

"మొగుడు ఊళ్లో లేకపోతేనే హాయంటారా, దోన్యా నీదియా!" అన్నాడు విల్బెర్త్. ఆవరణంతా ఈలలు వేసింది.

"నవ్వండి, బాగా నవ్వండి. ఆయనకి నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా తన్ని లేపుతున్నా. ఆ ఊయల ఊగేది నా కాలితో. నేను రాయిలా పడుకుంటానట! రాయికి కాళ్లుంటాయా, ముసలోడా? ఆ బ్యాండు అబద్ధం చెప్పలేదు. నీ గురించీ చెప్పలేదు, నా గురించీ చెప్పలేదు."

ఫెర్మిన్ బస్సు మెట్టు దిగాడు.

"అందరి ముందూ నా బస్సు లాగేసుకున్నావు," అన్నాడు ఫెర్మిన్.

"లాగేసుకున్నా. అందులో మా అక్క పిల్లలు ఎక్కుతారు. లేని కుక్కకి అడ్డం తిప్పే బస్సులో!"

ఇంజినీరు మెల్లగా తల ఊపుతున్నాడు. ఆమె అతని మీదికి తిరిగింది. "నువ్వు సంబరపడకు బాబూ. మంచమెక్కినా ఆ ఊపిరి అలాగే ఆగేది. ఇన్నాళ్లూ ఎర్ర గీతలు చూస్తూ కూర్చున్నావు, ఒక్కణ్ణయినా డాక్టరు దగ్గరికి పంపావా? నీ కాగితంలో కాఫీ ఉంది, మంచం ఉంది. డాక్టరన్న మాట ఏదీ?"

రెబొయార్ ఫెర్మిన్‌ను ఆసుపత్రికి పంపుతూ చీటీ రాశాడు.

ఆసుపత్రిలో పరీక్ష చేశారు. ఆమె చెప్పిందే వాళ్లూ చెప్పి, ముక్కుకు తొడుగు పెట్టి గాలి నెట్టే యంత్రాన్ని ఇచ్చారు. ఎంతసేపు వాడిందీ దానిలోనే నమోదవుతుంది. రోజూ వాడినట్టు కనబడితే మెరిదా బస్సు తిరిగి ఇస్తామని కంపెనీ చెప్పింది. ఫెర్మిన్ పెట్టె విప్పలేదు. బస్సులు కడిగి వచ్చి మాట్లాడకుండా తినేవాడు, మాట్లాడకుండా ఊయలెక్కేవాడు. పెట్టె మీది బొమ్మ చూసి "ఏనుగు తొండం" అని ఒకసారి గొణిగాడు, అంతే. అలిగినవాడి ఊపిరి కూడా ఆగుతూనే ఉంది. ఆమె తన్నుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నీదియా తన ఊయల విప్పింది. గదికి ఆ కొసన ఉన్న కొక్కేలకు తగిలించింది.

"ఏం చేస్తున్నావ్?" ఇన్నాళ్లకు అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నిద్రపోబోతున్నా."

"అంత దూరంగానా?"

"నా కాలు అందకుండా కొలుచుకుని మరీ కట్టా. పెట్టె నీ ఊయల కిందే ఉంది, ప్లగ్గు నీ తల దగ్గరే ఉంది. బతకాలనుంటే విప్పుకో."

"పెళ్లామన్నాక..."

"పెళ్లాం కాలు అరిగిపోయింది, ముసలోడా."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కోపం చెవుల్లో కొట్టుకుంటోంది. గురక మొదలైతే తన కాలు తన మాట వినదని ఆమెకు తెలుసు. ఆ కాలును ఊయల దారాల మధ్య ఇరికించి బిగబట్టుకుంది. వెనక అతని ఊయల తాళ్లు చాలాసేపు కిర్రుమన్నాయి. తర్వాత అట్టపెట్టె చిరిగిన చప్పుడు వినిపించింది. ఒక బూతు. ప్లగ్గు జారిపడింది. ఇంకా పెద్ద బూతు. చివరికి గాలి సన్నగా హోరెత్తింది.

ఎలా తొడుక్కున్నాడో చూడటానికి ఆమె వెనక్కి తిరగలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు. ఆ హోరు ఎక్కడా తెగకుండా సాగుతుంటే వింటూ, ఆ కోపంతోనే నిద్రపోయింది.