నామమాత్రపు అధ్యక్షురాలు

"రేపు టిఫిను సంగతి మీరే ఒకమాటు చూడాలి మేడమ్. మీరు చెబితేనే మా వంటవాళ్ళు వింటారు," అన్నాడు అంకారావు ఫోనులో.

లూర్దు రాణి అప్పుడు అత్తగారి మోకాళ్ళకు నూనె రాస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "సరేనండి" అంది. అనేశాక తన మీద తనకే ఒళ్ళు మండింది. అంకారావు ఎస్పీగా రిటైరై, తిరువూరు దాటాక ఎ.కొండూరు రోడ్డులో మామిడితోటల మధ్య కట్టిన పోలీసు నిర్వహణ శిక్షణ సంస్థకు డైరెక్టరుగా వచ్చినవాడు. రాష్ట్రంలో ప్రమోషను మీద సీఐలు, డీఎస్పీలు కాబోయేవాళ్ళందరూ అక్కడికి వచ్చి స్టేషను నడపడమెలాగో, కింది సిబ్బంది చేత పని చేయించడమెలాగో, ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషితో మాట్లాడడమెలాగో నేర్చుకుంటారు. ఆ సంస్థ మంచిచెడ్డలు చూసేది ఒక పాలకమండలి. ఆ మండలిలో రాణి సభ్యురాలు, వంటశాల మేస్త్రి కాదు. ఈ సంగతి అంకారావుకు తెలియక కాదు. తెలిసే, అంత మర్యాదగా అడుగుతాడు. అదే చిరాకు. మర్యాద లేకుండా అడిగితే కాదనడం ఎంతో సులువు.

డిగ్రీ కాలేజీలో ప్రభుత్వ పాలన పాఠాలు చెప్పిన మనిషి రాణి. పోలీసు స్టేషన్ల పనితీరు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. ఆ పని మీద స్టేషన్లు తిరిగి, వరండా బల్లల మీద ఫిర్యాదుకొచ్చిన ఆడవాళ్ళ పక్కన గంటలకొద్దీ కూర్చుంది. మండలిలోకి తీసుకున్నప్పుడు ఆ చూసిందంతా చెప్పాలని ఎంత సంబరపడిందో. మొదటి సమావేశంలో నోరు తెరిచి, ఫిర్యాదుకొచ్చిన ఆడమనిషిని మొదటి అరగంటలో ఎలా పలకరించాలన్నది ఒక పాఠంగా పెడదామంది. అధ్యక్షుడు, అమరావతి నుంచి వచ్చే పెద్ద అధికారి, చిరునవ్వు నవ్వి "మంచి పాయింటు, నోట్ చేసుకుందాం" అన్నాడు. ఆ తర్వాతి అంశం కొత్త గెస్ట్‌హౌస్‌కు కర్టెన్ల రంగు. అప్పుడు మాత్రం బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. ఆ రోజు నుంచి ఇదే వరస. ముఖ్య అతిథి వస్తే పూలగుత్తి ఆమె ఇవ్వాలి. టీలో పంచదార ఎక్కువైతే ఆమె వైపే చూస్తారు. దస్తూరి బాగుంటుందని సమావేశంలో మాట్లాడిందంతా ఆమె చేతే రాయిస్తారు. రాసే మనిషికి మాట్లాడే తీరిక ఉండదు కదా, అదొక సౌకర్యం.

ఇంట్లో మాత్రం ఏం తక్కువ. అత్తగారు అంతోనమ్మ మోకాళ్ళు పట్టేసినప్పుడు "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలిగా" అన్నాడు భర్త జయకర్. ఆ ఎవరో ఒకరికి పేరుందని ఇద్దరికీ తెలుసు. సర్వీసు ఇంకా ఉండగానే రాణి ఉద్యోగం మానుకుంది. ఆ తర్వాత ఏడాదికే ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. అప్పుడు ఇంట్లో ఇద్దరున్నారు, పని మాత్రం ఆ ఎవరో ఒకరిదే అయింది. "నీకు ఆ కుర్చీ ఎందుకిచ్చారనుకుంటున్నావు? జీవోలో ఒక ఆడమనిషి ఉండాలని రాసుంది. అంతే" అంటాడాయన పేపరు మడుస్తూ. "పోలీసుల దగ్గరికి పోయే ఆడది మన ఇంటా వంటా లేదమ్మాయ్" అంటుంది అంతోనమ్మ, ఆ మాటంటూనే రెండో కాలు చాపుతూ. ఇవన్నీ విని విని రాణికే విసుగు పుట్టింది. రేపటి సమావేశం అయ్యాక రాజీనామా ఇచ్చేద్దామని ఆ సాయంత్రమే అనుకుంది. ఎవరి మీదా కోపంతో కాదు. అలసిపోయి.

మర్నాడు టిఫిను చూడడానికి అందరికంటే ముందే వెళ్ళింది. వంటశాల వెనక పంపు దగ్గర యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి చొక్కా ముందంతా తడిసిపోయి, దాన్ని దాచుకోవడానికి టవలు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రాణిని చూసి గబుక్కున సెల్యూట్ చేయబోయింది. టవలు జారింది.

"బిడ్డ ఎక్కడమ్మా?" అంది రాణి.

ఆ ప్రశ్నకు ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. పేరు మేఘన. మచిలీపట్నం వైపు ఎస్సై. సీఐ ప్రమోషనుకు ఈ శిక్షణ తప్పనిసరి. బిడ్డకు ఐదో నెల. హాస్టల్లోకి కుటుంబాన్ని రానివ్వరు కాబట్టి బిడ్డనూ అమ్మనూ తిరువూరు బస్టాండు వెనక ఒక గదిలో పెట్టింది. పొద్దున్నే, మధ్యాహ్నం భోజనాల వేళ, రాత్రీ ఆటోలో వెళ్ళి పాలిచ్చి వస్తోంది. గేటు దాటడానికి అనుమతి అడిగితే ఇవ్వలేదు. చెప్పకుండానే వెళ్తోంది.

"ఇవాళ మీటింగులో నా పేరుంది మేడమ్. క్రమశిక్షణ లేదని వెనక్కి పంపేస్తారంట. పంపిస్తే ప్రమోషను పోయినట్టే. నిన్న రాత్రి నుంచి గేటు దగ్గర మనిషిని పెట్టారు. అప్పట్నుంచి పాపకి పాల్లేవు, పోతపాలు పట్టట్లేదు."

"నువ్వు మీ డైరెక్టరుగారితో చెప్పావా?"

"చెప్పాను మేడమ్. రేపు స్టేషన్లో మర్డర్ కేసు ఉంటే ఇలాగే ఇంటికి పరిగెత్తుతావా అన్నారు."

రాణి తల తిప్పి చూసింది. పంపు అవతల, జామచెట్ల వెనక, గెస్ట్‌హౌస్ కనిపిస్తోంది. నాలుగు గదులు. కిటికీలకు తను ఎంచిన లేత ఆకుపచ్చ కర్టెన్లు. కట్టిన దగ్గర్నుంచి అందులో ఒక్క పెద్ద అధికారి కూడా పడుకోలేదు. సమావేశం కాగానే వాళ్ళంతా విజయవాడ హోటళ్ళకు వెళ్ళిపోతారు. వంటమనిషి వచ్చి సాంబారు రుచి చూడమన్నాడు. "ఎలా ఉంటే అలా పెట్టు" అంది రాణి, లోపలికి నడుస్తూ.

సమావేశానికి వచ్చింది నలుగురే. రాణి, అంకారావు, పత్తిమిల్లు యజమాని విజయ్ కుమార్, రిటైర్డ్ జడ్జి శాంతయ్య. అధ్యక్షుడు ఫోను చేశాడు. ఎవరో పెద్దమనిషి పర్యటన బందోబస్తులో ఇరుక్కుపోయాడట, మీరు కానిచ్చేయండి అన్నాడట. ఆయన లేనప్పుడు పాత సభ్యుల్లో సీనియరు అధ్యక్షత వహించాలని నిబంధన. సీనియరు రాణి.

"నామమాత్రమే మేడమ్, మీరు అలా కూర్చోండి చాలు. అంశాలన్నీ నేను చదివేస్తాను" అన్నాడు అంకారావు.

"ఇవాళ మహిళా రాజ్యం అన్నమాట" అని విజయ్ కుమార్ నవ్వాడు. శాంతయ్య ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని ఉన్నాడు. రాణి వెళ్ళి ఆ ఎత్తు కుర్చీలో కూర్చుంది. మరి ఇవాళ రాసేదెవరు అన్న సందేహం అంకారావుకు అప్పుడు వచ్చింది. ఆమె కాగితాల కట్ట ఆయన వైపు జరిపింది.

రెండు అంశాలయ్యేలోపు ఆమె ఫోను మోగింది. జయకర్. ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేస్తాడని ఎత్తింది. "అమ్మకి మధ్యాహ్నం వేసేది తెల్ల మాత్రా, గులాబీదా?" గొంతు బల్ల దాకా వినిపించింది. "గులాబీది" అని పెట్టేసింది. "ఇల్లు కూడా నడపాలి కదండీ పాపం" అన్నాడు విజయ్ కుమార్ జాలిగా. ఆ తర్వాత కాసేపటికి ఆయన ఫోనే మోగింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి పత్తి లారీ గురించి తీరిగ్గా మాట్లాడి వచ్చాడు. ఆయన్ని చూసి ఎవరూ పాపం అనుకోలేదు.

మేఘన అంశం వచ్చింది. అంకారావు ఒక్క ఊపులో చదివేసి, "వెనక్కి పంపడానికి మండలి ఆమోదం. అంతేనా మేడమ్?" అన్నాడు.

"ఆ అమ్మాయిని పిలిపించండి" అంది రాణి.

"అలా ఆనవాయితీ లేదు మేడమ్."

"మనిషి భవిష్యత్తు తీసేసేటప్పుడు మనిషిని చూడకపోవడం ఆనవాయితీనా? అధ్యక్ష స్థానంలో కూర్చుని అడుగుతున్నానండి, పిలిపించండి."

తన గొంతు అంత మామూలుగా రావడం రాణికే వింతగా ఉంది. మేఘన వచ్చి నిలబడింది. పొద్దున పంపు దగ్గర చెప్పిందే మళ్ళీ చెప్పింది, ఈసారి ఏడవకుండా. క్లాసు ఒక్కటి కూడా తప్పలేదని, పరీక్షల్లో మార్కులు చూసుకోమని అంది.

"పోలీసంటే పోలీసేనండీ. ఆడా మగా లేదు. గేటు దాటడం తప్పు" అన్నాడు అంకారావు.

"మంచిది. పోయిన నెల పనిరోజున మన జీపు వేసుకుని ట్రైనీలు కొందరు నెమలి ఊరికి వెళ్ళొచ్చారు. సాయంత్రం క్లాసు లేకుండా పోయింది. వాళ్ళ మీద ఏం చర్య తీసుకున్నాం?"

"అది వేణుగోపాలస్వామి దర్శనం మేడమ్," అన్నాడు అంకారావు, కొంచెం నొచ్చుకున్నట్టు. "నేనే పంపాను."

"దర్శనం చేసుకోవడం తప్పని నేననట్లేదు. దానికి జీపిచ్చి పంపినవాళ్ళం, బిడ్డకి పాలివ్వడానికి సొంత డబ్బుతో ఆటోలో వెళ్తే గేటు ఎందుకు వేశాం? అదొక్కటీ చెప్పండి."

"మేడమ్, మీరు దీన్ని ఆడవాళ్ళ సమస్య చేస్తున్నారు" అన్నాడు విజయ్ కుమార్.

"నేను చేయలేదండి. మీరు ఇందాకే మహిళా రాజ్యం అన్నారు కదా." ఆమె అంకారావు వైపు తిరిగింది. "ఇక్కడ మనం వీళ్ళకేం నేర్పుతున్నాం సార్? కింద పనిచేసేవాళ్ళ కష్టం తెలుసుకుని పని చేయించమని. రేపు ఈ అమ్మాయి సీఐ అయ్యాక ఆమె స్టేషన్లో ఒక కానిస్టేబులు పిల్లకి బాగాలేదంటే ఏం చేయాలి? మీరు ఆమెకు చేసిందే చేయాలా?"

  అంకారావు కాగితాలు సర్దుకుని, ఓటింగు పెట్టేద్దామన్నాడు. వెనక్కి పంపాలని ఆయనా, విజయ్ కుమారూ చేతులెత్తారు. వద్దని రాణి ఎత్తింది. అప్పుడు శాంతయ్య కళ్ళు తెరిచి, మెల్లగా తన చెయ్యీ ఎత్తాడు.

"మీరు కూడానా సార్?" అన్నాడు అంకారావు.

"మేడమ్ అడిగినదానికి జవాబు రాలేదు కదండీ. నేను దానికోసమే చూస్తున్నాను ఇంతసేపూ."

ఇద్దరికిద్దరు. సమానమైతే అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్ళ ఓటు ఇంకోటి ఉంటుంది. ఆ ఓటు వేసి, చర్య రద్దయిందని, పాలిచ్చే బిడ్డలున్న ట్రైనీలకు ఖాళీగా ఉన్న గెస్ట్‌హౌస్ గదులివ్వాలని రాణి చెప్పింది. అంకారావు చేత్తోనే రాయించింది.

"గెస్ట్‌హౌస్ తాళాలు ఎవరి దగ్గరున్నాయో చూడాలి మేడమ్. రెండు మూడు రోజులు పడుతుంది."

"చూడండి. దొరికేదాకా నేనిక్కడే కూర్చుంటాను. మేఘన బిడ్డను మాత్రం ఇప్పుడే మీ జీపు పంపి తెప్పించండి, రాత్రి నుంచి ఆకలితో ఉంది."

తాళాలు టీ తాగేలోపే దొరికాయి. మధ్యాహ్నానికి ఒక ముసలావిడ బిడ్డను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని జీపు దిగింది. గెస్ట్‌హౌస్ వరండాలో మేఘన నిలబడిన చోటే బిడ్డకు పాలు పట్టింది, లోపలికి వెళ్ళేదాకా కూడా ఆగలేక. రాణి దూరం నుంచే చూసి బస్సెక్కింది.  ఇంత చిన్న పని చేయడానికి ఇంత వాదించాలా, ఇన్నాళ్ళూ తను పూలగుత్తులు పట్టుకుని నిలబడిన రోజుల్లో ఇంకెంతమంది మేఘనలు వెనక్కి వెళ్ళిపోయి ఉంటారో అని దారంతా తనలో తనే అనుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చేసరికి జయకర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గులాబీ మాత్ర కోసం డబ్బా అంతా గుమ్మరించాడు. మాత్రలన్నీ అలాగే బల్ల మీద పడున్నాయి. ఆమె చెప్పులు విప్పుతుండగానే ఫోను మోగింది. అధ్యక్షుడు. స్పీకరు నొక్కి, మాత్రలు ఏరుతూ విన్నది.

"ఏంటమ్మా, అంకారావు చాలా బాధపడుతున్నాడు. మీరు కొంచెం ఎమోషనల్ అయ్యారని అంటున్నాడు. వచ్చే మీటింగుకి నేను వచ్చి అది సరిచేస్తాను. ఈలోపు మీకు ఇంట్లో పెద్దావిడ బాధ్యత కూడా ఉంది కదా. మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందేమో ఆలోచించండి."

జయకర్ తలూపాడు, ఆయన ఎదురుగానే ఉన్నట్టు. నిన్న సాయంత్రం తనూ ఇదే అనుకుంది కదా అని రాణికి గుర్తొచ్చింది. నిన్న ఆ ఆలోచన తన సొంతమనుకుంది. ఇవాళ ఆయన నోట వింటే అది ఎవరి ఆలోచనో అర్థమైంది.

"నేను రాజీనామా ఇవ్వను సార్. నన్ను తీసేయాలంటే కారణం రాసి తీసేయండి."

 "సరే, చూద్దాం" అని ఆయన ఫోను పెట్టేశాడు.

"పెద్ద ఆఫీసరుతో అలాగేనా మాట్లాడేది?" అన్నాడు జయకర్. "ఇంక చాల్లే రాణీ. రేపట్నుంచి ఆ మీటింగులూ అవీ మానెయ్."

ఇలాంటి మాట ఎప్పుడొచ్చినా రాణి వంటింట్లోకి వెళ్ళిపోయేది. గిన్నెల చప్పుడులో మాట కలిసిపోయేది, అదే ఒప్పుకున్నట్టు అయిపోయేది. లోపలి గదిలోంచి అంతోనమ్మ అమ్మాయ్ అని పిలిచింది.

"ఆయన వస్తారత్తయ్యా" అని జవాబిచ్చి, రాణి కుర్చీ లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు మానాలో కారణం చెప్పండి."

జయకర్  వంటింటి వైపు చూశాడు, అక్కడెవరూ లేరు. రాణికి తొందరేమీ లేదు.